ఊఁ కొట్టినప్పుడల్లా ఒక చెంచా

నా చిన్నప్పుడు ఒకరోజు మా ఇంట్లో నీళ్ళకుండకు కాపలా పెట్టారు. ఆ కాపలా మనిషిని నేనే. ఎనిమిదేళ్ళ దాన్ని, కుండ ముందు కాళ్ళు బారజాపుకుని, ఎవరొస్తారో రండి అన్నట్టు కూర్చున్నాను. పెద్దవాళ్ళు నాకొక పని అప్పగించారన్న గర్వం ఒకటి, పైగా.

అప్పుడు కూడా మేము సింగపూరులోనే ఉండేవాళ్ళం. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. నా చిన్నతనంలో ఈ ఎత్తు ఫ్లాట్లు, మెట్రో రైళ్ళు ఏవీ లేవు. ఆకుల కప్పు ఇళ్ళు, వీధికంతటికీ ఒకటే కొళాయి, వాన పడితే మోకాలి లోతు బురద. అలాంటి పేటను ఇక్కడివాళ్ళు కంపం అంటారు. మా కంపంలో అటు మలయ్ వాళ్ళు, ఇటు తమిళులు, మధ్యలో మేము. మా తెలుగులో ఆ రెండు భాషలూ కలిసిపోయి, ఏది ఎవరిదో మాకే తెలిసేది కాదు.

ఆ రోజు తెల్లవారగానే నాలుగేళ్ళ మా చెల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బియ్యం కడిగిన నీళ్ళలా ఒకటే ధార. ముందురోజే వీధి చివర ఇంట్లో ఒకరిని ఇలాగే ఆసుపత్రికి మోసుకుపోయారు. అమ్మా నాన్నా తాతయ్యా చీకటితోనే పనికి వెళ్ళిపోయారు. ఇంట్లో మా నానమ్మ, నేను. మా తాతయ్య దగ్గరలోని వైద్యశాలలో డ్రెస్సరు. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, డాక్టరు లేనప్పుడు డాక్టరు పని కూడా ఆయనే చూసేవాడు. బయట ఎంత పేరున్నా ఇంట్లో మాత్రం వైద్యం నానమ్మదే. ఆవిడ మాటకు తిరుగులేదు.

"నీళ్ళిస్తే ఆ నీళ్ళూ బయటికే వస్తాయి. కడుపు ఎండితేనే జబ్బు ఆగుతాది. ఒక్క చుక్క ఇచ్చినావో, నీ వీపు విమానం మోత మోగిపోతాది గుంటా!" అని నన్ను కుండ దగ్గర కూర్చోబెట్టింది. నానమ్మ చెడ్డది కాదు. వాళ్ళమ్మ ఆవిడకు అలాగే చెప్పింది, ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే ఆ కట్టడి పెట్టింది.

చెల్లి చాప మీద పడుకుని "అక్కా, నీళ్ళు" అని అడిగింది. లేదన్నాను. ఏడ్చింది. ఊహూఁ అన్నాను. గొంతు తగ్గించి అడిగింది. తరువాత పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆఖరికి అదీ ఆగిపోయింది. అమ్మయ్య, ఇప్పటికి బుద్ధొచ్చింది దీనికి అనుకున్నాను నేను.

మధ్యాహ్నం తాతయ్య భోజనానికి వచ్చాడు. గొడుగు అటు పారేసి చెల్లి పక్కన చతికిలబడ్డాడు. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. అది వదిలినా కిందికి దిగలేదు, మడతపడి అలాగే నిలబడింది. పక్కింటి మలయ్ మామను కేకేసి కారు కోసం పంపాడు. వానకు దారంతా మునిగి ఉంది, కారు ఎప్పటికి వస్తుందో తెలియదు. అప్పుడు నానమ్మను అడిగాడు, నీళ్ళు ఎప్పటినుంచి ఆపావని. "పొద్దుటినుంచీ చుక్క ముట్టనివ్వలేదు, దీన్ని కాపలా పెట్టినాను" అంది నానమ్మ, మెచ్చుకుంటాడేమోనని. తాతయ్య తల పట్టుకున్నాడు. "మా నాన్న చెప్పిన ఆనాటి తెల్లదొరలు చేసిన తప్పే చేసినావు కదే!" అన్నాడు.

నన్ను తిడతాడనుకుని బిక్కచచ్చిపోయాను. తిట్టలేదు. కాచిన గంజిలో నీళ్ళు పోసి పల్చన చేసి, ఉప్పూ కాస్త చక్కెరా కలిపి గిన్నె నా ముందు పెట్టాడు. చేతిలో చెంచా పెట్టాడు. తను చెల్లి తలను ఒళ్ళో పెట్టుకుని, నాడి మీద వేళ్ళుంచాడు. "నేను కథ చెప్తాను. నువ్వు ఊఁ కొట్టు. ఊఁ కొట్టినప్పుడల్లా దాని నోట్లో ఒక చెంచా పొయ్యి. నువ్వు ఆపినావా, నేనూ ఆపేస్తాను" అన్నాడు. కథల పిచ్చిదాన్ని. ఆపుతానా!

ఆ కథ ఆయన తండ్రిది, అంటే మా ముత్తాతది. ఓడ దిగాక ఆయన ఒక దొరల ఆసుపత్రిలో నీళ్ళు మోసే పనికి కుదిరాడట. ఊఁ. కలరా వార్డులో నేల కడగడానికి బిందెలకు బిందెలు నీళ్ళు మోసేవాడట, మంచం మీది మనిషికి మాత్రం గుక్కెడు ఇవ్వకూడదట. ఊఁ. కలరాకు మందేమిటో దొరలకూ తెలియదు. ఒకాయన చెయ్యి కోసి నెత్తురు తీసేవాడు. ఇంకొకాయన పాదరసం పొడి మింగించేవాడు. నల్లమందు, బ్రాందీ, ఆముదం, ఎవరికి ఏది తోస్తే అది. ఊఁ అంటూనే నేను గుటకలు మింగుతున్నాను.

వాళ్ళలో ఒక కుర్ర దొర ఉప్పు కలిపిన నీళ్ళు తిన్నగా నరంలోకి ఎక్కించి చూశాడట. చచ్చాడనుకున్న మనిషి లేచి కూర్చుని ఆకలేస్తోందన్నాడట! దొర పొంగిపోయాడు. సాయంత్రానికి ఆ మనిషికి మళ్ళీ విరేచనాలు పట్టి మళ్ళీ వాడిపోయాడు, పోయాడు. ఇది పనికిరాదని దొర ఆ సరంజామా అంతా పెట్టెలో పెట్టేసి మళ్ళీ పాదరసం పట్టుకున్నాడట. "అది పనిచేసిందే పిచ్చిదానా! ఆయనే ఆపేసినాడు. పోతున్నంతసేపూ పొయ్యాలని ఆయనకు తట్టలేదు" అన్నాడు తాతయ్య. ఆ పోయిన మనిషి మా ముత్తాతతో ఒకే ఓడలో వచ్చినవాడట.

తరువాతి రోగికి మా ముత్తాత తన అన్నం ముంతలోని గంజి దొంగతనంగా తాగించాడు. జాలికొద్దీ ముంతెడూ ఒక్కసారే పట్టించాడు. మొత్తం కక్కేసి అతనూ పోయాడు. మా తాతయ్య దీన్ని దాచలేదు. మూడో మనిషికి ముత్తాత గంజిలో గుడ్డ పీలిక ముంచి, బొట్టు బొట్టుగా, దొర టిఫినుకు వెళ్ళినప్పుడల్లా పిండాడట. ఆ మూడోవాడు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడట.

సరిగ్గా అక్కడే చెల్లి భళ్ళున కక్కింది. నా ఒంటి నిండా గంజి. చెంచా పడేసి బావురుమన్నాను. నానమ్మ కూడా "ఇంక చాలు, చంపేస్తారా పిల్లని!" అని అడ్డం వచ్చింది. తాతయ్య కసిరి ఎరగడు, ఆ రోజు కసిరాడు. కొంచెం ఆగి, మళ్ళీ చెంచా నా చేతికి ఇచ్చాడు. "కక్కింది కొంత, లోపల ఉన్నది కొంత. కథ ఇంకా ఉంది, ఊఁ కొట్టు" అన్నాడు.

కథ లేదు. ఎప్పుడో అయిపోయింది. ఆయన ఓడ గురించి, ఓడలో ఎలుకల గురించి, ఎలుకల పెళ్ళి గురించి నోటికొచ్చింది అల్లుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నా చెయ్యి లాగేస్తోంది. అయినా ఊఁ, ఒక చెంచా. ఊఁ, ఇంకొకటి. గిన్నె అడుగు కనిపిస్తే నానమ్మే వచ్చి మళ్ళీ నింపింది. ఎలుక పెళ్ళికొడుకు మీసాలు దువ్వుకుంటుండగా నేను ఊఁ అనడం మరిచిపోయి కునికాను. గదిలో ఊఁ అని వినపడింది. నాది కాదు. చాప మీది నుంచి, పిల్లికూన గొంతులో. చెల్లి కళ్ళు సగం తెరిచి చెంచా కోసం నోరు తెరిచింది. తాతయ్య ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

కారు వచ్చింది. ఆసుపత్రిలో చెల్లి చేతికి సూది గుచ్చి, పైన ఉప్పునీళ్ళ సీసా వేలాడదీశారు. అది అయిపోగానే ఇంకొకటి, తరువాత ఇంకొకటి. తాతయ్య నన్ను ఎత్తుకుని సీసా చూపించాడు. "ఇదేనే, ఆ దొర పెట్టెలో పెట్టేసింది" అన్నాడు.

ఆ తరువాత నేను నర్సునయ్యాను, అవకుండా ఉంటానా! నా వార్డులో దాహమన్న మనిషిని ఎవరైనా కసిరితే డాక్టరని కూడా చూసేదాన్ని కాదు. ఇప్పుడు నా మనవరాలు వన్-నార్త్ అనే ల్యాబుల పేటలో ఏదో పరిశోధన చేస్తోంది. మొన్న ముఖం వేలాడేసుకుని వచ్చి, "ట్రై చేశాం అమ్మమ్మా, ఫస్ట్ డే ఓకే, తర్వాత ఫెయిల్. క్లోజ్ చేసేస్తాం లా" అంది, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించి. మొదటిరోజు ఎందుకు బాగుందో తేల్చుకున్నాక మూసెయ్యి అన్నాను. కంచం ముందు కూర్చోబెట్టి దొర కథ చెప్పాను. మర్నాడు మళ్ళీ ల్యాబుకు పోయింది.

మా చెల్లి ఇప్పుడు ఈ ఊళ్ళోనే జురాంగ్ ఈస్ట్‌లో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, నాకంటే పెద్దదానిలా గొణుగుడు. "నువ్వు నాకు నీళ్ళు ఇవ్వలేదే రాకాసీ" అని ఇప్పటికీ అందరి ముందూ పరువు తీస్తుంది. తియ్యనీ. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను. కూరగాయలు, కోడళ్ళు, వాన, నోటికొచ్చింది చెప్తూ పోతాను. ఒక్కోసారి అది అలసిపోయి అవతల నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అలాంటప్పుడు నా చెయ్యి దానంతటదే చెంచా పట్టుకున్నట్టు ముడుచుకుంటుంది. ఎలుక పెళ్ళికొడుకును మళ్ళీ తీసుకొస్తాను, మీసాలు దువ్విస్తాను. అవతలినుంచి ఊఁ అని వినపడేదాకా నేను ఆపను.