చీనీ చెట్లు నరికానన్న మనిషి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పులివెందుల వైపు ఒక పోలీసు ఠాణాలో నేను రైటరుగా పనిచేశాను. మాది జమ్మలమడుగు. వాంగ్మూలాలు రాయడమే నా పని, నా దస్తూరి మీద నాకు తగని గర్వం.

ఒకరోజు లింగాల వైపు నుంచి ఒక కూలిమనిషి తనంతట తానే వచ్చి, పక్కూరి బత్తాయి తోటలో చీనీ చెట్లు నరికింది తానేనన్నాడు. మా ఎస్సైది కోస్తా. గొంతు పెద్దది, ఓపిక తక్కువ. జవాబు కూడా తానే అందిస్తూ ప్రశ్న వేసేవాడు.

"గొడ్డలితోనే కదూ నరికింది?"

"అవును సామీ."

"పాత కక్షే కదూ?"

"అవును సామీ."

అరగంటలో పని తేలిపోయింది. ఎడమ బొటనవేలి ముద్ర నేనే వేయించాను. మర్నాడు మేజిస్ట్రేటు ముందు ఇదే చెబితే జైలు ఖాయం.

మధ్యాహ్నం నా క్యారియర్లో సంగటి సగం తీసి అతని ముందు పెట్టాను. ఎంతసేపటికీ ముట్టడే! చివరికి ఆకలికి ఆగలేక, తువ్వాలు కింద దాచుకున్న కుడిచెయ్యి బయటికి తీశాడు. వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. ముద్ద తుంచబోతే తునగలేదు.

ముద్ద తుంచలేని చెయ్యి గొడ్డలి ఎట్లా పట్టింది? కాగితాలు తీసి చూసుకున్నాను. రెండు పేజీల్లో 'అవును' తప్ప అతని మాట ఒక్కటీ లేదు. మిగతాదంతా ఎస్సై మాట, నా దస్తూరి. సిగ్గుతో చచ్చిపోయాను.

"నిన్నెవురు పంపిచ్చినారప్పా?" అని అడిగి, జవాబు నేను అందించకుండా కలం కింద పెట్టాను. అతనే చెప్పుకొచ్చాడు.

"మా ఊరి పెద్దాయన కొడుకు నరికిచ్చినాడు సామీ. నేను లోపలుంటే మా ఇంటికి జొన్నలు తోలిస్తానన్నాడు పెద్దాయన. చెరుకు గానుగలో చెయ్యి పాయ. ఈ చెయ్యికి కూలెవురిస్తారు? ఇది మాత్రం రాయొద్దు సామీ."

నేను రాశాను. ఎస్సై నన్ను తిట్టుకుంటూనే అతన్ని వదిలేశాడు. నిజం బయటపెట్టానని నెలరోజులు రొమ్ము విరుచుకుని తిరిగాను.

ఆ తర్వాత ఒక పొద్దున ఒకామె ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఠాణాకు వచ్చింది.

"చెయ్యి పొయిన మా ఇంటాయన్ను ఇడిపిచ్చిన రైటరు నువ్వేనా సామీ?"

దండం పెట్టడానికి వచ్చిందనుకుని, నవ్వుతూ అవునన్నాను.

"జొన్నలు ఆగిపాయ. ఈ పిల్లోళ్లకు ఏం పెట్టల్లో అది గూడా రాసియ్యి" అంది.

ఆ రోజు నేనూ 'అవును' తప్ప ఇంకో మాట అనలేకపోయాను.