నా నోరు మూయించిన టీచరుగారు

పోయిన సోమవారం పొద్దున్న ఆఫీసుకి డబ్బా సర్దుకుంటుంటే మా అమ్మాయి వంటింట్లోకొచ్చి, "అమ్మా, ముందు కూర్చో" అంది. చేతిలో ఫోనుంది, నాకు చూపించలేదు. నేను పీట మీద కూర్చున్నాక, "టీచరు మామ్మ పోయారు. చర్చి గ్రూపులో పెట్టారు" అంది. ఆదివారం ఆరాధన అవగానే కృష్ణదేవిపేటలో చెల్లెలింటికి వెళ్లిన మనిషి. పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారట.

నర్సీపట్నంలో మా చర్చికి వచ్చేవాళ్లలో సగం మందికి ఆవిడ సండే స్కూలు టీచరు. నాకు పక్కింటి మనిషి. పెళ్లి చేసుకోలేదు. "మీ పిల్లలందరూ నా దగ్గరే కదా ఉన్నారు, ఇంకా నాకెందుకు" అనేవారు. ఎవరింటికెళ్లినా చెప్పులు గుమ్మానికి వారగా, వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టేవారు. ఎక్కువసేపు కూర్చోనని ముందే చెప్పడం అది. కూర్చుంటే మాత్రం రెండు గంటలు.

నా సంగతి కూడా చెప్పాలి. నా నోట్లో నువ్వుగింజ నానదు. రెండేళ్ల క్రితం, అమ్మాయి పదో తరగతిలో ఉండగా, అది స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తెరిచి చూశాను. క్లాసులో అబ్బాయితో ఏవో కబుర్లు, నవ్వు బొమ్మలు. అంతే. దానికే ఫోను లాక్కుని బీరువాలో పెట్టాను. అక్కడితో ఆగానా? బుధవారం ఆడవాళ్ల కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "మా అమ్మాయి ఫోనులో ఎవరో కుర్రాడితో మాట్లాడతంది, దాని మనసు మారాలని ప్రార్థించండి" అన్నాను. పాతికమంది కళ్లు మూసుకుని, నా కూతురి పేరు పెట్టి గట్టిగా ప్రార్థించారు. ఆదివారానికల్లా పాటల బృందంలో ఆడపిల్లలు దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. అది బృందం మానేసింది. నాతో మాట్లాడడమూ మానేసింది.

ఆ బుధవారం కూడిక టీచరుగారింట్లోనే. అందరూ వెళ్లాక నన్ను వెనక్కి పిలిచారు. "మనవి సెప్పినావా, ఊరంతా టముకేసినావా?" అన్నారు. నాకు కోపమొచ్చింది. పిల్లల్ని కనని మనిషికి ఏం తెలుసు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ఫోను లాక్కుంటే ఫోనే దొరుకుతాదమ్మా, పిల్ల దొరకదు" అన్నారు. మర్నాడే బీరువా తెరిపించారు.

తర్వాత ఆవిడ కొత్త వేషం కట్టారు. ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇదేటే పిల్లా, నాకు రాదు, కాస్త నేర్పు" అని అమ్మాయి పక్కన కూర్చునేవారు. అది ఏం చూస్తోందో అడిగేవారు కాదు. "నాకూ సూపించు, నానూ నవ్వుతాను" అనేవారు. అల్లికల వీడియోలు, వంటలు, దానికిష్టమైన పాటలు, అన్నీ దానితో కలిసి చూశారు. ఆవిడకి ఫోను నాకన్నా బాగా వచ్చని, సండే స్కూలు గ్రూపు నడిపేది ఆవిడేనని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

కిందటేడు ఒక శనివారం మధ్యాహ్నం గోడవతల నుంచి కేకేశారు. "బేగి రా, సిక్కుడుకాయలున్నాయి." వెళ్తే అమ్మాయి అక్కడే, మొహం వాచిపోయి కూర్చునుంది. నా ఒళ్లో పళ్లెం పెట్టి, "ఇవన్నీ అయ్యీదాకా నువ్వు మాటాడకు. సేతికి పనుంటే నోరాగుతాది" అన్నారు. అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు నెలలుగా ఆన్‌లైనులో తనతో స్నేహం చేసిన ఆడపిల్ల, ఆడపిల్లే కాదట, ఎవడో మగవాడట. ముద్దుగా అడిగి తీసుకున్న ఫోటోలని ఏదో మార్చి, చెప్పినట్టు వినకపోతే చర్చి గ్రూపులో పెడతానంటున్నాడట. ఈనెలు తీస్తున్నానో, కాయలే పారేస్తున్నానో నాకు తెలియలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక ఒక్కటే అడిగాను, ఎన్ని రోజుల నుంచి అని.

"పదకొండు రోజులు. నీకు సెబితే బుధవారం అందరికీ సెప్పీస్తావనిపించింది."

పదకొండు రోజులు నా కూతురు నా ఎదురుగా అన్నం తింటూ, నాకు భయపడి నోరు విప్పలేదు. భోరుమన్నాను. టీచరుగారు నన్ను ఓదార్చలేదు. "నీ ఏడుపు తర్వాత. ముందు దానికి అన్నం పెట్టు" అన్నారు. ఒక్క మెసేజీ చెరపొద్దన్నారు, వాడికి జవాబివ్వొద్దన్నారు. మావారు నక్కపల్లి నుంచి డ్యూటీ దిగి రాగానే పోలీసు స్టేషనుకి వెళ్లాం. మోకాళ్ల నొప్పితోనే ఆవిడా వచ్చి, బల్ల మీద అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వాడి బెదిరింపులు ఆగాయి. ఆ సంగతి మా నలుగురినీ దాటి బయటికి రాలేదు.

అంత చేసిన మనిషికి నేను ఒక్కనాడూ నోరారా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఆవిడ పోయే ముందటి శుక్రవారం గేటు దగ్గర నిలబడి, "అరగంట కూకోరాదేటమ్మా" అన్నారు. ఆఫీసుకి నాతవరం ఆటో వెళ్లిపోతుందని పరిగెత్తాను. ఊరంతా వినేలా వాగే నోటికి ఆవిడ దగ్గర ఒక్క మాట రాలేదు.

నిన్న చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. టీచరుగారి గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే అందరి కళ్లూ నా మీదే. మైకు తీసుకున్నాను. అమ్మాయి వైపు చూశాను. అది తల అడ్డంగా, కనీకనిపించకుండా ఊపింది. "టీచరుగారు నాకు చాలా చేశారు" అని కూర్చుండిపోయాను. వెనక ఎవరో, "ఓలమ్మో, ఈవిడికీ మాటలు కరువైపోనాయేటి!" అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మాయే అంది, "మామ్మ గురించి రాయమ్మా. ఆ ఫోటోల సంగతీ రాయి, ఇంకెవరైనా వాళ్లమ్మకి సెప్పుకుంటారు. కానీ ముందు నాకు సూపించు." రాసింది చూపించాను. ఒక వాక్యం దగ్గర ఆగి, పెన్ను అడిగి తీసుకుని, అక్షరం కనబడకుండా దాన్ని కొట్టేసింది. ఎందుకే అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడక్కుండా ఆగానని ఒక్క మనిషికి చెప్పుకోవాలనిపించి గబగబా పెరట్లోకి వెళ్లాను. గోడవతల తలుపుకి తాళం వేసి ఉంది.