తెరుచుకోని తుపాకి

ఇల్లు, పొలం, ఎడ్లు అన్నదమ్ములిద్దరివీ అయినా తుపాకి మాత్రం మా ఆయన ఒక్కడిదే. లైసెన్సు ఆయన పేరు మీద ఉండటం ఒక కారణం. ఇంకొకరు దాన్ని తుడిచినా ఆయనకు గిట్టకపోవటం అసలు కారణం. మొదటి యుద్ధంలో ఏ సిపాయి మోశాడో గాని, పాతబడిందని ఫౌజువాళ్లు వదిలించుకుంటే చేతులు మారి జహీరాబాద్‌లో మా గోడకు చేరింది. పక్కనున్న ఇనుప పిడిని పైకెత్తి వెనక్కు లాగితే బోల్టు తెరుచుకుంటుంది, కాలిన తూటా ఇత్తడి తొడుగు బయటికి ఎగిరిపడుతుంది. మళ్లీ ముందుకు తోసి పిడి దించితే కొత్త తూటా లోపలికి పోతుంది. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. వచ్చిన ప్రతివాడికీ ఆయన విప్పి చెబుతుంటే వంటింట్లోంచి విని విని వచ్చేసింది.

నేను చెప్పేది రెండో యుద్ధం నడుస్తున్న రోజుల సంగతి. ఝరాసంగం దారిలో ఉన్న మా జొన్నచేలో అడవిపందులు పడి తిన్నంత తిని, మిగతాది తొక్కేస్తున్నాయి. ఆ రోజు మా ఆయనకు జ్వరం. తప్పనిసరై తుపాకిని తమ్ముడి చేతికిచ్చాడు. మా మరిది, మా జీతగాడు కలిసి రాత్రి కాపలాకు చేనికి వెళ్లారు. తెల్లవారాక పంది కనబడితే మరిది కాల్చాడు. దెబ్బ తగిలింది గాని పంది పడలేదు, తిరగబడింది. రెండో తూటా కోసం బోల్టు లాగబోతే పిడి పైకే లేవలేదు. అతను తుపాకిని కర్రలా పట్టుకుని కొట్టబోయేలోపే పంది జీతగాడి తొడ చీల్చేసి వెళ్లిపోయింది.

జీతగాణ్ణి బండిలో వేసుకుని దవాఖానకు తెచ్చారు. కుట్లు వేస్తే బతికాడు. కబురు తెలిసి మా వాకిట్లో పదిమంది పోగయ్యారు. మా ఆయన జ్వరంతోనే లేచి వచ్చి తుపాకి అందుకుని పిడి ఎత్తి లాగాడు. కాస్త బిగువుగానే అయినా తెరుచుకుంది.

"ఇగో, తెరుసుకుంటలేదా? దీనికేం కాలేదురా. పందిని చూసి నీ చేతులు వణికినయ్," అన్నాడు.

"భయపడ్డది నిజమే అన్నా. గని బోల్టు రాలేదు. అది గూడ నిజమే," అన్నాడు మరిది.

మొదటి మాట అందరూ విన్నారు. రెండో మాట ఎవరికీ పట్టలేదు. పందిని చూసి చేతులు చచ్చుబడి, కూలి బతుకువాణ్ణి పందికి అప్పగించాడని పేరు పడిపోయింది. మరిది రోజూ దవాఖానకు వెళ్లి జీతగాడి పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాడు. పెట్టింది సగం కంచంలోనే వదిలేసేవాడు. అతను అబద్ధమాడటం నేను ఎన్నడూ చూడలేదు. చెప్పలేని సంగతైతే నోరు మూసుకుంటాడు తప్ప కల్పించి చెప్పే మనిషి కాదు. అన్నకు అది నాకన్నా బాగా తెలిసుండాలి. తెలిసీ అలా అన్నాడనే నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాను. "ఒకపాలి కాల్చి చూడున్రి. ఏమైందో తెలుస్తది గద."

"తూటాలు యాడ దొరుకుతున్నయ్? లడాయి నడుస్తుంటె ఊకెనే కాల్చాల్నా?"

"ఒక తూటా పోతె పోయింది. ఇంట్ల మనిషి పోతుండు, కనబడ్తలేదా?"

పెళ్లయ్యాక ఆయన మీద గొంతు పెంచింది అదే మొదటిసారి. ఆయన కన్నా నేనే ఎక్కువ అదిరిపోయాను.

ముగ్గురం చేనికి వెళ్లాం. తాను ముట్టుకుంటే మళ్లీ ఏ మాట పడాల్సి వస్తుందోనని మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన ముందు ఖాళీ బోల్టు ఆడించాడు, ఆడింది. తూటా పెట్టి, కాల్చకుండానే వెనక్కు తీశాడు, వచ్చింది. చూశావా అన్నట్టు తమ్ముడి వైపు ఒక చూపు పారేశాడు. తరువాత మట్టిగట్టుకు గురిపెట్టి కాల్చి పిడి ఎత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులతో పట్టాడు. అరచేత్తో గుద్దాడు. చెవులు ఎర్రబడిపోయాయి గాని పిడి కదల్లేదు. దాచటమెందుకు, నాకు లోపల సంతోషంగానే ఉంది.

కట్టెముక్కతో తట్టగా తట్టగా ఎప్పటికో తెరుచుకుంది. కింద పడ్డ ఇత్తడి తొడుగును మరిది తీసి చూశాడు. దాని ఒంటినిండా పసుపుపచ్చని జిగురు.

"ఖాళీగ ఉంటె తెరుసుకుంటది అన్నా. కాల్చని తూటాతోని గూడ తెరుసుకుంటది. కాలినంకనే పట్టేస్తది. అంటె తప్పు బోల్టుల లేదు, తూటా కూసునే తావుల ఉన్నది," అన్నాడు.

బోల్టు ఊడదీసి, పుల్లకు గుడ్డ చుట్టి వెనకవైపు నుంచి ఆ తావులో తిప్పాడు. గుడ్డకు అదే జిగురు అంటుకుని వచ్చింది. నేను తీసుకుని వాసన చూశాను. కుసుమ నూనె! మా నూనె జాడీ అంచుకు ఇదే పట్టి లక్కలా గట్టిపడుతుంది, బూడిద పెట్టి తోమినా పోదు.

అది తుపాకిలోకి ఎలా వచ్చిందో ముగ్గురికీ తెలుసు. ప్రతి దసరాకూ మా ఆయన తలస్నానం చేసి, తుపాకిని పీట మీద పెట్టి పసుపు కుంకుమ బొట్లు పెట్టి, మా చేలో పండిన కుసుమలతో గానుగాడించిన నూనెను గొట్టంలో తన చేత్తో పోసేవాడు. పూజ అయ్యాక దేవుడి మూల నిలబెట్టేవాడు. నూనె మెల్లగా కిందికి దిగి తూటా కూర్చునే చోట చేరేది. తరువాత గొట్టంలోంచి గుడ్డ లాగి శుభ్రం చేసేవాడు గాని, ఆ చోటు గొట్టం కన్నా వెడల్పు, గుడ్డ దానికి ఆనదు. యుద్ధం వచ్చి తుపాకి నూనె దొరక్కపోయేసరికి, బోల్టు కాస్త బిగుసుకుంటే చాలు మళ్లీ కుసుమ నూనే పోసేవాడు. పొర మీద పొర ఎండింది. తూటాలు దొరక్క కాల్చటమే అరుదైపోయింది గనక ఎవరికీ తెలియలేదు. తూటా పేలిన వేడికి అది మెత్తబడి ఇత్తడిని పట్టేసుకుంటోంది. చల్లారితే కొంచెం వదులుతోంది. ఆ రోజు వాకిట్లో పదిమంది ముందు తెరుచుకున్నది అందుకే.

ఇంటికి వచ్చాక మా ఆయన తుపాకిని తమ్ముడి ముందు పెట్టాడు. లాంతర్లో మిగిలిన గ్యాస్ నూనె నేను గిన్నెలోకి వంపి ఇచ్చాను. మరిది గుడ్డలు నానబెట్టి రుద్దాడు, గీకాడు, మళ్లీ రుద్దాడు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. ఆ తరువాత పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచాడు.

మర్నాడు మళ్లీ చేనికి వెళ్లాం. ఈసారి మరిదే కాల్చాడు. రెండు వేళ్లతో పిడి ఎత్తితే బోల్టు వచ్చేసింది, తొడుగు ఎగిరి జొన్నల్లో పడింది.

మా ఆయన దగ్గరకు వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. తప్పు ఒప్పుకోవటం ఆయనకు చేతకాని పని. ఆ పూట చేశాడు, అందుకు నాకు ఆయన మీద ప్రేమ కలిగింది కూడా.

"తప్పు నాదే తమ్మీ. పదిమంది ముంగట నిన్ను మాటన్న. గా పదిమందినీ పిలుస్త. వాళ్ల ముంగట కాల్చి చూపిస్త, అందరు నమ్ముతరు."

మరిది తుపాకిని అన్న చేతికి ఇచ్చేశాడు. గొంతులో కోపం లేదు.

"చూపియ్యి అన్నా, నమ్ముతరు. నువ్వు గూడ తుపాకి చెప్తెనే నమ్మినవ్. నేను చెప్తె నమ్మలే."

మా ఆయన చెయ్యి అతని భుజం మీంచి దానంతటదే జారిపోయింది.