సెల్లార్లో ముగ్గు

నారాయణగూడలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన కారు కంటే ముందు నేల చూసేవాడు. "బండి అబద్ధం చెప్తది సార్, నేల చెప్పదు" అనేవాడు.

నేను మనసు పారేసుకున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు చూపిద్దామని ఆయన్ని చిక్కడపల్లిలో అమ్మేవాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి తీసుకెళ్ళాను. ఎర్రగా మెరిసిపోతోంది. కారు కొనకముందే నల్ల కళ్ళద్దాలు కొనేసిన మనిషిని నేను. ఆయన మాత్రం కారు వైపు చూడకుండా, పక్కనున్న పెద్ద ముగ్గు దగ్గర గొంతుక్కూర్చుని వేలితో రుద్దాడు. కింద నల్లటి ఆయిల్ మరక.

"పండుగ లేదు, పబ్బం లేదు, సెల్లార్ల గింత ముగ్గేంది? మొన్నటిదాకా బండి ఈడనే ఉండె. ఆయిల్ కారుతున్నది. వద్దు సార్, పరేషాన్ అయితరు."

"రంగు చూడన్నా!" అన్నాను. కొన్నాను.

ఏడాదిలో నేను అందులో తిరిగినదానికంటే దాన్ని నెట్టిందే ఎక్కువ. చివరికి అమ్మకానికి పెట్టాను. కొనేవాళ్ళు వస్తామన్న రోజు, అశోక్‌నగర్‌లో మా సెల్లార్లో కారు పక్కకు జరిపి, మరక మీద నేనే ముగ్గు వేశాను. వాళ్ళ వెనకాలే, బండి చూడ్డానికి వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన మెకానిక్‌గా ఆయనే దిగాడు.

కారు వైపు చూడలేదు. ముగ్గు దగ్గర కూర్చుని, తలెత్తి జాలిగా అన్నాడు.

"చుక్కలు తప్పినయ్ సార్."