ఉస్తాద్ చొక్కా జేబులో మూత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల సమస్త ప్రజానీకానికి డప్పు కొట్టి చెప్పునది: ఇకమీదట ఫొటో దిగే ముందు చొక్కా పైగుండీ పెట్టుకోవలసిన పని ఎవరికీ లేదు. చెవి మీద జారిన వెంట్రుక జారినచోటే ఉండవచ్చు. పెండ్లికొడుకు తలపాగా వంకరగా ఉంటే వంకరగానే ఉండుగాక. చిన్నాయన మొహం మాడ్చుకుని నిలబడితే అది ఆయన సొంత వ్యవహారం. ఇవన్నీ పట్టించుకునే ఒకే ఒక్క మనిషి పోయిన నెల ఆఖరి సోమవారం పొద్దున మిర్యాలగూడలో, తన ఇంటి అరుగు మీద, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆయన మా ఉస్తాద్. ఫొటో తీయడం నాకు నేర్పినవాడు. నాకు ఫోన్ చేసింది ఆయన భార్య. నేను పెద్దమ్మ అంటాను.

“మీ ఉస్తాద్ పోయిండు బిడ్డా. చాయ్ ఇంక ఏడిగనే ఉన్నది.”

నా బతుకులో నేను ఎందరికి దొంగ ఫోన్లు చేశానో నాకే గుర్తులేదు. కలెక్టర్ వస్తున్నాడని చెప్పి ఒక సర్పంచ్ చేత ఊరంతా ఊడ్పించాను. బతికున్న మా బావమరిదికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టి కోదాడ బస్టాండు ముందు కట్టించాను. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకే పోకుండా ఫ్లెక్సీ దుకాణం పెట్టుకున్నవాణ్ని. అలాంటి నాకు ఆ పొద్దున ఎవరైనా దొంగ ఫోన్ చేసి ఉంటే బాగుండు అనిపించింది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం దుఃఖం కాదు, కోపం. అది ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పోయిన వారానికి సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో ఫొటోగ్రాఫర్లంతా సంతాపసభ పెట్టారు. దండ వేశారు, రెండు నిమిషాలు నిలబడ్డారు. ఆ రెండు నిమిషాల్లోనూ నలుగురు సెల్ఫీ దిగారు. తర్వాత డ్రోన్లతో పెండ్లిళ్లు తీసే ఒక మహాశయుడు మైకు అందుకున్నాడు.

“ఉస్తాద్ పెద్ద మనిషి. కాకపోతే పాపం, ఆఖరికి పెద్దవూరల లెన్సు మూత తియ్యకుంటనే ఫొటోలు దీసిండు. గది గూడ మనం యాది జేసుకోవాలె” అన్నాడు.

హాలు నవ్వింది. నేను లేచాను.

“ఏమన్నవ్ రా?”

“ఊకె నవ్వులాటకు అంటి అన్నా. అందరనుకునేదే గదా.”

“అందరంటే ఎవడు? పెద్దవూరకు నువ్వొచ్చినవా? నేనున్న గాడ. మూత ఆయన జేబుల ఉన్నది. ఈ రెండు కండ్లతోటి సూసిన.”

“మరి ఫొటోలు నల్లగెందుకొచ్చినయ్?”

“కెమెరా చెడింది కాబట్టి.”

“గా కెమెరాల మూతవెట్టినా తెల్వదట గదన్నా. మా దాంట్ల అయితే మనిషి కన్ను యాడున్నదో అదే పట్టుకుంటది.”

“అవును. నీ కెమెరాకు కండ్లున్నయ్, నీకు లేవు.”

నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. మూసుకోవలసిన నోరు మూసుకున్నాను గానీ మనసు మూసుకోలేదు. అందుకే రాస్తున్నాను. నలభై ఏండ్లు కన్ను తప్పని మనిషికి మూత మరిచిన ముసలాడనే పేరు మిగలకూడదు. నాకు కావలసింది అంతే.

అసలు ఆ కెమెరా ఏమిటో చెప్పాలి. మామూలు కెమెరాలో లెన్సు గుండానే చూస్తాం. దీంట్లో అలా కాదు. పైన మూలన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తాం. కిటికీ నడుమ ఒక చిన్న వెలుగు మచ్చ. ఆ మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది పట్టీ తిప్పుతుంటే ఆ ఇద్దరూ జరుగుతూ జరుగుతూ వచ్చి ఒక్కడవుతారు. ఒక్కడైనప్పుడు నొక్కాలి. రేంజ్‌ఫైండర్ అంటారు దీన్ని. ఉస్తాద్ రీళ్ల కాలం నుంచీ ఇలాంటి దానితోనే తీశాడు. రీళ్లు కడిగే ల్యాబులు ఒక్కొక్కటే మూతపడ్డప్పుడు ఆ పాత కెమెరాను నా చేతిలో పెట్టి, “ఇగ నీ దగ్గర పండుకోనీ” అన్నాడు.

డిజిటల్ది ఆయనకు ఒక రైసు మిల్లు సేటు పుణ్యమా అని దొరికింది. సేటు సింగపూర్ పోయి, అందరికంటే గొప్పది కావాలని కొనుక్కొచ్చాడు. తీసిన ప్రతి ఫొటో మసకే. విసుగొచ్చి ఉస్తాద్ ముందు పడేశాడు.

“గుడ్డి కెమెరా అంటగట్టిండ్రు ఉస్తాద్ నాకు.”

“గుడ్డిది కాదు సేటూ. అది నీ కండ్లడుగుతున్నది. నువ్వియ్యలే.”

సేటు బిడ్డ పెండ్లి ఫొటోలు తీసినందుకు బదులుగా ఆ కెమెరా ఉస్తాద్ ఇంటికొచ్చింది. వచ్చిన రోజే ఆయన చేసిన మొదటి పని, వెనకాల ఉన్న తెర మీద కరెంటు పనోళ్ల నల్ల టేపు అంటించడం. నేను నెత్తి కొట్టుకున్నాను.

“గంత మంచి తెరను మూసినవేంది ఉస్తాద్? తీసింది ఎంటనే సూసుకోవచ్చు గదా!”

“మాటిమాటికి మూతదీసి సూస్తే అన్నం ఉడుకదిరా. తియ్యి. ఇంటికి బోయినంక సూడు.”

వెలుతురును కూడా ఆయన మిషన్‌కు వదిలిపెట్టలేదు. అరచేయి ఎండలో పెట్టి, దాని మీది నీడ చూసి, అంకెలు తిప్పేవాడు. రెండు కళ్లూ తెరిచే తీసేవాడు. ఆ కిటికీలో ఫొటోలో పడే మేరకు తెల్ల గీత ఉంటుంది, గీత అవతల కూడా కొంత కనిపిస్తుంది. “లోపలున్నోన్ని అందరు సూస్తరు. గీత బయట నిలబడ్డోన్ని సూడు. ఆడే ఇప్పుడు లోపలికొచ్చేది” అనేవాడు. అందుకే ఆయన పెండ్లి ఫొటోల్లో అప్పుడే తలుపు దాటుతున్న మేనత్తలు, అప్పుడే ఏడుపు మొదలుపెట్టబోతున్న తల్లులు ఉంటారు.

ఆ కిటికీతో ఒక ప్రమాదం ఉంది. లెన్సుకు మూత ఉన్నా సరే, కిటికీలో లోకమంతా కళకళలాడుతూనే ఉంటుంది. అందుకని ఆయనకో అలవాటు. మూత తీసి చొక్కా ఎడమ జేబులో వేసుకుంటాడు. నొక్కే ముందు ప్రతిసారీ ఎడమచేత్తో జేబు తడుముకుంటాడు. మూత జేబులో ఉంటే లెన్సు తెరిచి ఉన్నట్టు. ఆ తడుముడు చూసి కొత్తవాళ్లు గుండెనొప్పేమో అని కంగారుపడేవాళ్లు. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబు మీద గుండ్రంగా ముద్ర పడిపోయింది. పెద్దమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు.

ఇప్పుడు చెప్పండి. ఇలాంటి మనిషి మూత మరుస్తాడా?

ఆరేళ్ల కిందట పెద్దవూర దగ్గర ఒక ముసలి గొర్రెల కాపరి ఫొటోకు ఒప్పుకున్నాడని కబురొచ్చింది. జన్మలో ఫొటో అంటే గిట్టనివాడు. ఆధార్ కార్డుకు కూడా కొడుకులు బతిమాలి కూర్చోబెట్టారట. మనవరాలి పోరు పడలేక సరేనన్నాడు. ఆదివారం నేనూ వెంటపోయాను. మందనంతా వెనక పెట్టుకుని, గొంగడి భుజాన వేసుకుని, కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

“ఒక్కపాలే. మల్ల అడుగొద్దు” అన్నాడు.

“అడుగ తాతా. నువ్వు నన్ను సూడకు, నీ జీవాలను సూడు” అన్నాడు ఉస్తాద్.

జేబు తడుముకున్నాడు. మూడుసార్లు నొక్కాడు. మూడోసారి నొక్కినప్పుడు కెమెరా లోపల వడ్లగింజ పగిలినట్టు ‘టక్’ మని ఒక చప్పుడు. నేను పక్కనే ఉండి చెవులారా విన్నాను. ముసలాయన మందను తోలుకుని పోయాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే మూడూ నలుపు. చీకటి కాదు, నలుపు. ఉస్తాద్ జేబులోంచి మూత తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“ఇది జేబులనే ఉండె గదరా. సూసినవ్ గదా నువ్వు?”

“సూసిన ఉస్తాద్. కెమెరానే చెడింది. లోపల టక్కుమన్నది. నువ్వినలేదా?”

“లేదురా. నాకు ఇనబళ్లే.”

తాత మళ్లీ నిలబడనన్నాడు. అన్నమాట అన్నమాటే. ఆ వానాకాలంలోనే పోయాడు. కొడుకులు నా పరిచయం పట్టుకుని కోదాడ దాకా వచ్చారు. ఆధార్ ఫొటోను పెద్దది చేసి ఫ్లెక్సీ కొట్టి ఇచ్చింది నేనే. ముఖమంతా గళ్లు గళ్లు. తాత ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది.

ఉస్తాద్ కెమెరాను సర్వీసుకు పంపాడు. లోపల ఏదో పగిలిన చప్పుడు వచ్చిందని కాగితం మీద రాసి మరీ పంపాడు. నెలలు గడిచాయి. తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తరం. విప్పి చూశారట, లోపమేమీ కనిపించలేదట. అయినా ఈ మోడల్ సెన్సర్ పాతదట, దాని విడిభాగాలు చేయడం ఎప్పుడో ఆపేశారట, కొత్త మోడల్ తీసుకుంటే మంచిదట. మీ బొంద! కర్రు అరిగితే కొత్త కర్రు వేయిస్తాం, నాగలిని పొయ్యిలో పెట్టం. ఆయన రీలు కెమెరా మా ఇంట్లో ఇప్పటికీ నిక్షేపంగా నడుస్తుంది. దానికి రీలు లేదు, అంతే. దీనికేమో కిటికీ, ఇత్తడి, గాజు అన్నీ నూరేళ్లు ఉంటాయి, నడుమ ఉన్న గోరంత చిప్పు ముసలిదైతే మొత్తం చచ్చినట్టట. బ్యాటరీ దొరకదట. ఇలాంటి డిజిటల్ కెమెరాలు చేసేవాళ్లు మొదట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నా, మధ్యలో కొందరు దుకాణం ఎత్తేశారట. మిగిలినవాళ్లు కూడా ఇప్పుడు ఆ గాజు కిటికీ పీకేసి, దాని స్థానంలో చిన్న టీవీ పెడుతున్నారట. ఇంక ఆ ఇద్దరు ఒక్కడవడం ఎక్కడిది? గీత బయట నిలబడ్డవాణ్ని చూసేదెవడు? పేరొకటి మిగుల్చుకుని ప్రాణం తీసేస్తారు.

కోదాడలో మా పక్క టీకొట్టాయన ఇది విని, “ఏంటన్నా, మనిషి పోతే ఏడవాలి గానీ కెమెరా పోతే తిట్టుకుంటావేంటి?” అన్నాడు. అతనికేం తెలుసు!

అసలు ఘోరం ఇంకోటి. విప్పి బిగించడంలో ఎక్కడో ఏదో జరిగింది. తిరిగొచ్చాక ఆ మచ్చలో ఇద్దరు మనుషులు ఒక్కడవడం మానేశారు. ఎంత తిప్పినా ఒకడు కాస్త పైన, ఒకడు కాస్త కింద. దాన్ని సరిచేసే చెయ్యి మన మూడు పట్టణాల్లో లేదు. మళ్లీ పంపుదామంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు.

“ఒద్దులేరా. లోపం లేదన్నరు గదా. అంటే నాదే.”

ఆ తర్వాత ఆయన ఫొటో తీయలేదు. కంటి దవాఖానకు పోయి చూపించుకున్నాడు. చూపు బాగానే ఉందన్నారు. అది విని ఇంకా దిగులుపడ్డాడు. కండ్లు బాగుంటే చెడింది బుర్రేనని.

ఆయన పోయిన పదకొండో రోజు మిర్యాలగూడ పోయాను. పెద్దమ్మ ఆయన చొక్కాలన్నీ ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, ఎవరికైనా ఇద్దామని. కెమెరా, మూత తెచ్చి నా ముందు పెట్టింది.

“నీకియ్యమన్నడు. ఒక్కటి నిజం జెప్పు బిడ్డా. కెమెరా చెడిందా, ఆయన మరిచిండా?”

“కెమెరానే పెద్దమ్మా. నేనిన్న గదా చప్పుడు.”

“మరి ఆయనెందుకు నమ్మకపాయె? చేతుల కెమెరా లేకున్నా జేబు తడుముకుంటనే ఉండె. అన్నం తినేటప్పుడు గూడ.”

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. పైన రాసిందంతా అచ్చుకిచ్చేసి, డ్రోన్ మహాశయుడి ముఖాన కొట్టి, చేతులు దులుపుకుందామనుకున్నాను. చేతులు దులపడానికి రావడం లేదు.

ఆ చప్పుడు లేదు. వడ్లగింజ లేదు, టక్కు లేదు. అది నేను పుట్టించింది. ఉస్తాద్ మూత తీసి జేబులో వేసుకుని, కెమెరాను నా చేతికిచ్చి కాళ్లు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయినప్పుడు, మా ఇంట్లో ఉన్న ఆయన పాత కెమెరా మూతను ముందే జేబులో వేసుకొచ్చిన నేనే ఈ లెన్సుకు పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆయన మూత ఆయన జేబులోనే ఉంది, ఎంత తడుముకున్నా ఏం తెలుస్తుంది? ఒకసారి నొక్కగానే అరిచి నవ్విద్దామనుకున్నాను. కానీ తాత అలా నిలబడ్డాడు, గొర్రెలు కూడా కదల్లేదు, నాకు నోరు రాలేదు. ఉస్తాద్ కెమెరాను మళ్లీ నా చేతికిచ్చాక, మందను చూస్తూ అందరూ అటు తిరిగినప్పుడు మూత తీసి నా జేబులో వేసుకున్నాను. బస్సులో చెబుదామనుకుంటే ఆయన కునుకు తీశాడు. ఆ తర్వాత ఆరేళ్లు నేను కునుకు తీశాను. చెడని కెమెరాను, లేని చప్పుడు కోసం విప్పించింది నేను. కంపెనీవాళ్లు రాసిన ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం మాత్రం నిజం: లోపమేమీ లేదు. కెమెరాలోనూ లేదు, ఆయనలోనూ లేదు.

పెద్దమ్మకు చదువు రాదు. రేపు మొదటి బస్సుకు మిర్యాలగూడ పోయి నేనే చదివి వినిపిస్తాను. తిట్టినా, చెప్పు తీసినా సరే. రెండు మూతలూ ఆమె ముందు పెడతాను.

ఆ రోజు నేను వచ్చేటప్పుడు చొక్కాలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. గాలికి అన్నీ ఒకేసారి లేచి పడుతున్నాయి. ఒక్కోదానికి ఎడమ జేబు మీద, ఖాళీగా, గుండ్రటి ముద్ర.