అపెండిక్స్ అని రాసిన కాగితం

ఆ రోజు నేను డిశ్చార్జి కాగితం మీద అబద్ధం రాశాను. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో పిల్లల సర్జన్‌గా చేరి అప్పటికి మూడేళ్లు.

రోగి రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కూతురు ధనలక్ష్మి. తొమ్మిదేళ్లు. కుడి పొత్తికడుపులో నొప్పి రెండు రోజులుగా వచ్చి పోతోంది, వచ్చినప్పుడల్లా వాంతి. స్కానులో కుడి అండాశయం బాగా ఉబ్బి ఉంది. అండాశయం మెలిపడితే దానికి రక్తం అందదు. పసికందుల్లోనూ ఇది జరుగుతుంది. స్కానులో కొంత రక్తప్రసరణ కనబడినంత మాత్రాన మెలిక లేదనుకోకూడదు. వెంటనే ఆపరేషన్ చేశాం. మూడు చుట్లు తిరిగి ఉంది. విప్పినా నల్లగానే ఉండటంతో, మాకు నేర్పిన పాత పద్ధతిలో తీసేశాను. నల్లబడినదాన్ని కూడా విప్పి వదిలేస్తే చాలాసార్లు కోలుకుంటుందని అప్పటికే చదివాను. నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికి పంపే రోజున నాయనమ్మ అప్పలనర్సమ్మ నా గదిలోకొచ్చి తలుపు వేసింది.

"ఆడపిల్ల బాబూ. రేపా కాయితం ఎవుడి సేతిలో పడతాదో! అపెండిసని రాసీండి."

అలా రాయకూడదన్నాను.

"ఆ బెంగాలీ డాట్రు దాదా అయితే ఈపాటికి రాసీసీవోడు. మన తెలుగోళ్లని మీకాడికొస్తే మీకేటి ఇంత పట్టుదల?"

నాకు నవ్వొచ్చింది. రాసేశాను.

నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె చెప్పులు కూడా లేకుండా పరుగున వచ్చింది. ధనలక్ష్మికి ఈసారి ఎడమవైపు నొప్పి, వాంతులు. ఊళ్లోనే ఇందా అనే పేటలో వేరే ఆస్పత్రిలో చేర్చారట. అక్కడి డాక్టరు నా కాగితం చదివి, పాత అపెండిక్స్ ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కున్నాయనుకుని సెలైన్ పెట్టి చూస్తున్నారు.

"మీరు నిజం చెప్పలేదా?" అన్నాను.

"నానెలా సెప్తాను బాబూ? కాయితం మీ సేతిరాతే గదా."

ఆ పిల్లకు మిగిలింది ఎడమవైపున్న ఆ ఒక్క అండాశయమే, ఇప్పుడు అదీ మెలిపడి ఉండొచ్చు. అక్కడి సర్జన్‌కు ఫోన్ చేసి, నేను రాసింది అబద్ధమని, అప్పుడు తీసింది కుడి అండాశయమని చెప్పాను. "ఠీక్ హై, ఇప్పుడే థియేటర్‌కు తీసుకెళ్తున్నా" అని ఆయన ఫోన్ పెట్టేశారు. అండాశయం ఒకటిన్నర చుట్టు తిరిగి కమిలిపోయి ఉందట. విప్పి, మళ్లీ తిరగకుండా పక్కకు కుట్టి, తీయకుండా వదిలేశారు. కొన్ని వారాల తర్వాత స్కానులో అది బాగానే ఉంది.

డిశ్చార్జి కాగితం ఇంటివాళ్లను తృప్తిపరచడానికి కాదు, మనం ఎన్నడూ చూడని తర్వాతి డాక్టరు కోసం రాస్తాం. ఇది నాకు తెలియక కాదు. ఆ రోజు లెక్కచేయలేదు.

తప్పు ఒప్పుకుంటూ సరిచేసిన కాగితాన్ని రెండు ఆస్పత్రులకూ ఇచ్చాను. ఒక ప్రతి తల్లిదండ్రుల ఎదుట ధనలక్ష్మి చేతికిచ్చి, లోపల ఏం జరిగిందో ఆమెకే వివరించాను. అప్పలనర్సమ్మ అడ్డుపడబోయింది.

"నువ్వూరుకో నాయనమ్మా, కడుపు నాది" అంది పిల్ల.

తర్వాత నర్సింగ్‌హోమ్ ఆపరేషన్ రిజిస్టరును డిశ్చార్జి ప్రతులతో పోల్చి చూస్తే, నేను అలా మార్చి రాసిన ఆడపిల్లల కాగితాలు మరో రెండు దొరికాయి. ఒక అమ్మాయి ఇల్లు ఊళ్లోనే, సుభాష్‌పల్లిలో. నడిచి వెళ్లి సరిచేసిన కాగితం ఇచ్చాను. రెండో కుటుంబం బదిలీపై వెళ్లిపోయింది. పోస్టులో పంపిన కాగితం తిరిగొచ్చింది. వాళ్ల పాత పొరుగువాళ్లను అడిగి ఊరు తెలుసుకుని, రైలెక్కి వెళ్లి ఆ అమ్మాయి చేతికే ఇచ్చి వచ్చాను.