హెల్వి సంతకం చేసిన తప్పు

ఆస్ట్రేలియాలో, ట్రుగనీనా అనే ఊళ్ళో నేను పనిచేసే గోదాములో మొన్న ఒక పెద్ద చెక్క పెట్టె మూత ఊడదీశారు. పైన్ చెక్క వాసన, పచ్చిగా, కాస్త ఘాటుగా, గుప్పుమంది. పక్కనున్న కుర్రవాళ్ళు బాగుందన్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసన వస్తే హెల్వి గుర్తొస్తారు. ఆమె ముందు నేను నోరు విప్పని ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

కంప్యూటర్లు రెండు వేల సంవత్సరాన్ని గుర్తుపట్టలేక ఆగిపోతాయని లోకమంతా హడావిడి పడుతున్న రోజులవి. ఆస్ట్రేలియాలోనే టూవూంబాలో బిజినెస్ చదువుతున్న నాకు ఫిన్లాండ్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. ఫ్యాక్టరీ యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే చిన్న కంపెనీ అది. తెనాలి శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఒంటరిగా ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. పుస్తకం చదివితే దేశం చూసినట్టేనని నా నమ్మకం. వెళ్ళేముందు మా యూనివర్సిటీ లైబ్రరీలో ఫిన్లాండ్ మీద ఉన్నవన్నీ చదివేశాను. మొదటి రోజే వాళ్ళ సరస్సుల సంగతులు వాళ్ళకే చెప్పాను. ఎగుమతులు చూసే హెల్వి ఓపిగ్గా విని, "ఇవన్నీ నాకు తెలియవు" అన్నారు. యాభై దాటిన మనిషి, నా పై అధికారి, అంత తేలిగ్గా ఆ మాట అనడం నాకు చిన్నతనంగా తోచింది.

ఆమె విభాగంలో ఒక అలవాటు ఉండేది. సోమవారం ఉదయం కాఫీ దగ్గర ప్రతివాళ్ళూ ఆ వారం తమకు తెలియని విషయం ఒకటి చెప్పాలి. తెలిసినవాళ్ళుంటే సాయం చేస్తారు. హెల్వి తనే మొదలుపెట్టేవారు. నా వంతు వచ్చినప్పుడల్లా, "నాకేమీ లేదు మేడమ్" అనేవాణ్ణి.

"అదృష్టవంతుడివి. మేడమ్ వద్దు, హెల్వి చాలు" అనేవారు.

రెండేళ్ళుగా ఆమె వెంటపడుతున్న మొదటి ఆస్ట్రేలియా ఆర్డరు నేనున్నప్పుడే దొరికింది. పెర్త్ దగ్గర కానింగ్ వేల్‌లో ఆహార పదార్థాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీకి, కొత్త సంవత్సరం రాకముందే పాత ప్యానెల్ తీసి కొత్తది బిగించాలి. సరుకు ఓడకెక్కించేముందు ఆమె నన్ను పిలిచారు.

"చెక్క పెట్టెల్లో పంపుతున్నాం. మీ దేశంలో వీటికి నిబంధనలేమైనా ఉన్నాయా?"

మీ దేశం అన్న మాటకే నేను ఉబ్బిపోయాను. ఆస్ట్రేలియాలో నేనెరిగింది యూని, లైబ్రరీ, ఒక సూపర్‌మార్కెట్. "ప్రత్యేకంగా ఏమీ లేవు" అన్నాను.

"చదివావా, అనుకుంటున్నావా?"

"చదివాను."

చదవలేదు. ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసి సంతకం చేశారు.

పెట్టెలు ఫ్రీమాంటిల్ రేవులో, బయటి పురుగులు దేశంలోకి రాకుండా చూసే క్వారంటైన్ వాళ్ళ దగ్గర ఆగిపోయాయి. చెక్కకు బెరడు అక్కడక్కడా అలాగే ఉంది, పురుగుమందు పొగ పెట్టినట్టు పత్రం లేదు. అవి బయటపడేసరికి జనవరి వచ్చేస్తుందని తేలింది. సంవత్సరం మారే రోజుల్లో యంత్రం ఆపుకోవడం తప్ప కానింగ్ వేల్ వాళ్ళకు దారి లేకపోయింది. ఇక మీతో వ్యాపారం వద్దన్నారు.

ఆ మధ్యాహ్నం హెల్వి ఒక ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. "ఇది పెర్త్‌కు ఫ్యాక్స్ చెయ్యి. వెళ్ళాక రా, కాఫీ తాగుదాం." అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. 'నిబంధనల గురించి అక్కడి అధికారులను నేను అడగలేదు, తప్పు నాది' అని రాసి కింద సంతకం చేశారు. నా పేరు ఎక్కడా లేదు. 'తప్పు నాది' అని ఆ రెండు మాటలు నేను చెబితే సరిపోయేది. "పైన కవరు పేజీ కూడా పెట్టాలా?" అని అడిగాను. పెట్టమన్నారు. నా తప్పును ఆమె పేరు మీద నా చేత్తోనే మిషన్‌లోకి తోశాను. కాగితం మెల్లగా లోపలికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

నేను తిరిగొచ్చేముందు వచ్చిన చివరి సోమవారం నా వంతు రాగానే హెల్వి కప్పు కింద పెట్టి నా వైపే చూశారు. నేను "నాకేమీ లేదు" అన్నాను. ఆమె తలూపి పక్కవాళ్ళ వైపు తిరిగారు. ఆ తర్వాత ఆమెకు నేను ఒక్క ఉత్తరమూ రాయలేదు.

ఇప్పుడు గోదాములో ఏ పత్రాన్నైనా రెండుసార్లు అడగనిదే వదలను. చాదస్తమని వెనక నవ్వుకుంటారు. అది హెల్వి నేర్పిన పని. అయినా పోయిన నెల మా ఇంటి బార్బెక్యూ విందులో ఈ కథనే హాస్యంగా చెప్పాను. ఫిన్లాండ్ వాళ్ళు బెరడుతో సహా పెట్టెలు పంపారని.

లారీల వ్యాపారం చేసే ఖాదర్ భాయ్ పడిపడి నవ్వాడు. "క్వారంటైన్‌తోని పరాచికాలా భాయ్? మా అమ్మీ తెచ్చిన మామిడి తొక్కు డబ్బా ఎయిర్‌పోర్ట్‌లనే బిన్‌ల పడేసిండ్రు. ఆమె ఆ ఆఫీసర్‌కి ఎట్ల పెట్టాల్నో రెసిపీ చెప్పబట్టింది."

నా భార్య లలిత నవ్వలేదు. "అది సరేనండీ, రూల్స్ ఏమీ లేవని ఆవిడకి చెప్పిందెవరు?"

"ఎవరో. గుర్తులేదు."

లలితకు అడగడానికి నిమిషం పట్టలేదు. హెల్వి ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు, జవాబు ఆమెకు తెలుసు. నేనే చెప్పాలని చూశారు. ఇది అచ్చుకు పంపేముందు లలిత చేతికిస్తాను. ఆమె చదివేంతసేపూ నేను లేచి వెళ్ళిపోకుండా ఎదురుగా కూర్చోవాలి.